తోలు లోపల

డ్వేన్ జాస్ట్రో తన పొడుగాటి గోల్ఫ్ కర్రను పచ్చిక మీద పడుకోబెట్టాడు. ఇనుప తలను గుంత అంచుకి ఆనించి, మిగతా కర్రను బంతి వైపు చాపి, చిట్టచివర ఉన్న పై పిడిని బొటనవేలితో చూపించాడు. బంతి ఆ పిడికి ఇవతలే ఉంది. గుంతకీ బంతికీ మధ్య దాదాపు నాలుగడుగులు.

"తోలు లోపలే," అని వంగి బంతిని తీసి జేబులో వేసుకున్నాడు. "నాది నాలుగు."

మార్లిస్ డ్రేగర్ జెండా కర్ర చేత్తో పట్టుకుని చూస్తూ నిలబడింది. పాత ట్రాక్టర్ల విడిభాగాలు అమ్ముకునే మనిషి. సరుకు కన్నా ముందు ఎదుటివాడు త్రాసు ఎక్కడ పట్టుకున్నాడో చూడటం ఆమెకు అలవాటు. లీగ్‌లో పిడినే తోలు అంటారు, దాని లోపల ఆగిన బంతిని కొట్టకుండానే ఒక దెబ్బ కలుపుకుని తీసెయ్యొచ్చు. డ్వేన్ కర్రకి రెండు పిడులున్నాయి. నడిమి పిడి కుడిచేతికి, గడ్డం దాకా వచ్చే పై పిడి ఎడమచేతికి. నడిమి పిడితో కొలిస్తే బంతి బయట ఉంది. పై పిడితో కొలిస్తే లోపల ఉంది. అతను పై పిడితో కొలిచాడు.

ఐవర్ టెష్ బంతి గుంతకి మూడడుగుల్లో ఉంది. డ్వేన్ బంతి కన్నా దగ్గర. కానీ ఐవర్ కర్ర పొట్టిది, పాతది. పడుకోబెడితే దాని పిడి రెండడుగుల దగ్గరే మొదలవుతుంది.

"కొలవక్కర్లేదులే," అన్నాడు ఐవర్. "కనబడుతూనే ఉంది. కొడతాను."

గురువారం లీగ్ లెక్క సులువు. ఇద్దరేసి జంట. ప్రతి గుంతలోనూ జంటలో ఎవరివి తక్కువ దెబ్బలైతే అవే జంట లెక్క. అది ఎదుటి జంట కన్నా తక్కువైతే ఒక పాయింటు, సమమైతే చెరి సగం. చేతకానివాళ్ళకి కష్టమైన గుంతల్లో ఒక దెబ్బ తీసేసి లెక్కిస్తారు. దాన్ని హ్యాండిక్యాప్ అంటారుగానీ మార్లిస్ దృష్టిలో అది తగ్గింపే. తెలిసిన గిరాకీకి ఇచ్చే తగ్గింపు లాంటిది. ఈ తొమ్మిదో గుంతలో ఐవర్‌కి ఆ తగ్గింపు ఉంది. ఇప్పటికి నాలుగు దెబ్బలు కొట్టాడు. ఇది పడితే ఐదు, తగ్గింపు పోను నాలుగు, డ్వేన్‌తో సమం. సమమైతే చాలు. లీగ్ పట్టికలో ఈ రెండు జంటలే అడుగున ఉన్నాయి. మార్లిస్ జంట అర పాయింటు పైన ఉంది. ఇవాళ్టితో ఈ ఏడాది ఆట ఆఖరు. అడుగున మిగిలిన జంట చోటు ఖాళీ చేయాలి. లోపలికి రావడానికి బయట ఇంకో జంట కాచుకుని ఉంది.

మార్లిస్ బంతి ఎప్పుడో వాగులో పడింది. డ్వేన్ బావమరిది కర్ట్ బంతి మొక్కజొన్న చేలో పడింది. కర్ట్ కూడా దాని వెనకే చేలోకి వెళ్ళాడు, ఇంకా బయటికి రాలేదు.

ఐవర్ బంతి పక్కన నిలబడి కాళ్ళు సర్దుకున్నాడు. డెబ్బై నాలుగేళ్ళు. యాభై ఏళ్ళు ఆవుల పాలు పితికిన చేతులు. ఇప్పుడు కాఫీ కప్పు పట్టుకోవాలన్నా రెండూ కావాలి. కర్ర తల బంతి వెనక వణికింది. ఒకసారి వెనక్కి తీశాడు, ఆపాడు, మళ్ళీ సర్దుకున్నాడు. కొట్టాడు. బంతి గుంత ఎడమ అంచు రాసుకుంటూ పోయి అడుగు అవతల ఆగింది.

"అయ్యో పెద్దాయనా," అన్నాడు డ్వేన్. జాలిగానే అన్నాడు. టోపీ తీసి చెయ్యి చాపాడు.

ఆఖరి గుంతలో టోపీలు తీసి చేతులు కలుపుకుంటే ఆట ముగిసినట్టు. ఐవర్ తీశాడు. మార్లిస్ తీయలేదు.

"ఏంటే, టోపీ నెత్తికి అతుక్కుపోయిందా?"

"ఏ పిడితో కొలిచావు డ్వేన్?"

"నా పిడితో."

"నీకు రెండున్నాయి."

"ఉంటే? నీకు ఒకటే ఉందని ఏడుపా?"

చేలోంచి కర్ట్ బయటికొచ్చాడు. చొక్కా చేతులకి మొక్కజొన్న పీచు. "దొరకలేదు," అన్నాడు ఎవరూ అడక్కుండానే. "ఎవరు గెలిచారు?"

"అది ఇంకా తేలలేదు," అంది మార్లిస్. "నేను కార్డు మీద సంతకం పెట్టట్లేదు. గోర్డీతో మాట్లాడతాను."

ఐవర్ తన బంతి తీసుకుని చొక్కాకి తుడుచుకుంటూ, "పోనిద్దూ అమ్మాయ్," అన్నాడు.

"పోనివ్వను."

గోర్డీ ఆ మైదానానికి యజమాని, బారు నడిపేవాడు, లీగ్ కార్యదర్శి. ఏ పని మీద వెళ్ళినా మనిషి ఒకడే. సాసేజ్‌లు తిరగేస్తూ ఇద్దరి మాటా విన్నాడు. "ఆదివారం చర్చి అయ్యాక రండి. కమిటీ కూర్చుంటుంది. అందాకా పట్టికలో ఏమీ రాయను," అని, డ్వేన్ గ్లాసులో బ్రాందీ, దాని మీద చెర్రీ పండు వేసి, మార్లిస్ ముందు బీరు పెట్టాడు. ఇద్దర్నీ బల్లకి ఆ చివర ఒకర్నీ ఈ చివర ఒకర్నీ కూర్చోబెట్టాడు.

శనివారం మధ్యాహ్నం ఐవర్ మార్లిస్ దుకాణానికి వచ్చాడు. శనివారాలు వస్తూనే ఉంటాడు. షెడ్డు నిండా అరల్లో కార్బ్యురేటర్లు, ఇనుప సీట్లు, తుప్పు గీకి నూనె పూసి పెట్టిన గేర్లు. ఇవాళ చంకలో పట్టర్ పెట్టుకొచ్చాడు. గుంత దగ్గర చిన్న దెబ్బలకి వాడే ఆ పొట్టి కర్ర పిడి ఊడిపోతోంది.

"ఓ మేకు ఇవ్వు. చిన్నది."

మార్లిస్ ఒక డబ్బా తెచ్చి పెట్టింది. ఐవర్ బల్ల మీద పాత చుట్టు విప్పాడు. నల్లబడి, చెమటకి గట్టిపడిన సన్నని పట్టీ. దాన్ని పక్కన పడేసి జేబులోంచి కొత్త పట్టీ తీశాడు. గుర్రపు కళ్ళెం వారులోంచి కోసింది. అంచులు పల్చగా చెక్కి, తడి గుడ్డలో చుట్టి తెచ్చాడు. కర్ర కొసన మేకుతో బిగించి, పట్టీని లాగి పట్టుకుని, కర్రను తిప్పుతూ కిందికి చుట్టడం మొదలెట్టాడు. ఒక చుట్టు అంచు మీద ఇంకో చుట్టు అంచు కూర్చుంటోంది. పట్టీ బిగువుగా ఉన్నంతసేపూ ఆ చేతులు వణకలేదు. కింది కొసకి వచ్చాక మైనం పూసిన దారంతో కట్టి, దారం కొసని కట్టు కిందికి దూర్చి లాగాడు. అప్పుడు మళ్ళీ వణుకు మొదలైంది.

మార్లిస్ ఆ పిడి మీద వేలు పెట్టి చూసింది.

"ఇది తోలు."

"మరేమనుకున్నావు, సిల్కా?"

"ఎప్పుడూ తోలే చుట్టారా మీరు?"

"రబ్బరు పిడి జారుతుందమ్మాయ్ నాకు. మా నాన్న కర్ర ఇది. ఆయనా తోలే చుట్టాడు. ఇప్పుడు ఎవరూ చుట్టరనుకో. కొట్లో ఐదు నిమిషాల్లో రబ్బరు తొడిగి ఇస్తారు."

మార్లిస్ అరల వైపు తిరిగింది. ఎదర అరలో రెండు పాత రేడియేటర్ మూతలు తీసి, చూసి, మళ్ళీ అక్కడే పెట్టింది. బేరం ఎక్కడ తెగుతుందో తెలిసినప్పుడు ఆమె చేతులు ఏదో ఒకటి సర్దుతాయి.

"రేపు ఈ కర్ర నాకివ్వండి."

"దేనికి?"

"కమిటీకి చూపించాలి."

ఐవర్ పిడికి నూనె రాస్తున్నాడు. రాసి, అరచేత్తో రుద్ది, తల ఎత్తకుండా అన్నాడు. "ఓ ఆట కోసం ఊళ్ళో మనిషితో ఇంత తగాదా ఎందుకు? డ్వేన్ చెడ్డవాడేం కాదు. మొన్న చలికాలం నా వాకిట్లో మంచు వాడే తోశాడు."

"మంచు తోశాడని మూడడుగుల గుడ్డని నాలుగడుగులని అమ్మనిస్తామా? మీ చోటు పోతుందండీ ఐవర్."

"నా చోటా?"

"మరెవరిది?"

ముసలాయన నూనె గుడ్డ మడిచి జేబులో పెట్టుకున్నాడు. "సరేలే. తీసుకెళ్ళు," అన్నాడు.

ఆదివారం బారులో కాఫీ వాసన. కమిటీ అంటే ముగ్గురు. గోర్డీ, మందుల షాపు నడిపే ఒకాయన, పాల లారీ తోలే ఒకాయన. డ్వేన్ తన పొడుగాటి కర్ర గోడకి ఆనించి కూర్చున్నాడు. లీగ్‌లో దాన్ని చీపురు అంటారు. కర్ట్ కూడా వచ్చాడుగానీ, ఎదురుగా ఉన్న పిండివంటల పళ్ళెం మీదే అతని ధ్యాస. ఐవర్ కిటికీ దగ్గర విడిగా కూర్చున్నాడు.

"గోర్డీ, నాలుగో రూలు చదువు," అంది మార్లిస్.

"చదివేదేముంది, అందరికీ నోటికొచ్చు."

"అయినా చదువు."

రూళ్ళు బారు వెనక చెక్కపలక మీద ఉన్నాయి. గోర్డీ తండ్రి కాల్చిన ఇనుపచువ్వతో రాసినవి. గోర్డీ మెడ తిప్పి చదివాడు. "తోలు లోపల ఆగిన బంతి గుంతలో పడినట్టే. ఒక దెబ్బ కలుపుకుని తీసెయ్యవచ్చు."

"తోలు. డ్వేన్, నీ చీపురు పిడి దేంతో చేసింది?"

"దేంతో చేస్తే ఏంటి? రబ్బరు. అందరివీ రబ్బరే."

"అందరివీ కాదు." ఆమె ఐవర్ కర్ర తీసి బల్ల మీద పెట్టింది. కొత్త తోలు నూనెతో మెరుస్తోంది.

పాల లారీ ఆయన వంగి వాసన చూశాడు. "నిజమే, గుర్రం వాసన."

డ్వేన్ పకపకా నవ్వాడు. "అంటే ఏంటే? లీగ్ మొత్తంలో ముసలాయన ఒక్కడికే మాఫీ, మిగతా వాళ్ళందరం బంతి గుంతలో పడేదాకా కొట్టుకుంటూ చావాలా?"

"నేననట్లేదు. గోర్డీ వాళ్ళ నాన్న అంటున్నాడు."

గోర్డీ కూడా నవ్వాడు. అందరూ నవ్వారు. మార్లిస్ వాళ్ళని నవ్వనిచ్చింది. మొదటి ధర చెప్పగానే ఎదుటివాడు నవ్వాలి. నవ్వకపోతే తక్కువ చెప్పినట్టు. రెండో ధరకి నిట్టూర్పు రావాలి. ఆ తర్వాతది చేతులు కలుపుకునే ధర. ముప్పై ఏళ్ళుగా ఆమె సరుకు కదిలింది ఈ మెట్ల మీదే.

"అది మీకు నచ్చకపోతే పోనివ్వండి," అంది నవ్వులు తగ్గాక. "తోలంటే పిడి అనే అనుకుందాం. అప్పుడు ఎవరి కర్ర పొడుగైతే వాడికి మాఫీ ఎక్కువ. వచ్చే ఏడు నేను పదడుగుల కర్ర చేయించుకుంటాను. నా షెడ్డులో పైపులకి కరువు లేదు. పచ్చిక మీద కాలు పెట్టగానే బంతి తీసి జేబులో వేసుకుంటాను. ఆపగలరా?"

మందుల షాపు ఆయన నిట్టూర్చాడు. "అలా కుదరదు."

"కుదరదు కదా? అందుకే చెప్తున్నా. కొట్లో ప్రతి గిరాకీ తన అడుగుబద్ద తనే తెచ్చుకుంటే నా దుకాణం నెల తిరక్కుండా మూతబడేది. అందరికీ ఒకటే కొలత ఉండాలి."

"ఎంత?" అడిగాడు గోర్డీ.

"పలక మీద తోలు అనుంది. లీగ్‌లో తోలు ఒక్కటే ఉంది." ఆమె బల్ల మీది కర్ర వైపు చూసింది. "దానికి తగ్గట్టు ఒక పుల్ల కోసి ప్రతి జెండాకీ కట్టు. అంతే."

ముగ్గురూ ఒకళ్ళ మొహం ఒకళ్ళు చూసుకున్నారు. అప్పుడు డ్వేన్ లేచాడు. ఇప్పుడు నవ్వట్లేదు.

"కొలత మార్చుకోండి, నాకేం అభ్యంతరం లేదు. కానీ అది వచ్చే ఏటికి. గురువారం అమ్మిన సరుకు అమ్మేసినట్టే. ఇంకోమాట మార్లిస్. ఈ చీపురు నేను వసంతంలోనే తెచ్చాను. ఎండాకాలమంతా పై పిడితోనే కొలిచాను. నువ్వు పక్కనే ఉన్నావు. ఒక్కసారి నోరెత్తావా?"

గదిలో కర్ట్ నమిలే చప్పుడు మాత్రం వినిపించింది. మార్లిస్ తడుముకోలేదు.

"ఎత్తలేదు. అప్పుడు మేం మీ కన్నా పైన ఉన్నాం."

"చూశారా!"

"చూడనివ్వు. నష్టం వచ్చినరోజే ఎవడైనా తూకం తనిఖీ చేస్తాడు. అంతమాత్రాన తప్పుడు తూకం సరైపోదు."

గోర్డీ రెండు చేతులూ ఎత్తాడు. "ఆపండిక. పుల్ల కొలతకి నేను ఒప్పుకుంటున్నా. మీరిద్దరూ?" మిగతా ఇద్దరూ తలూపారు. "గురువారం సంగతి... డ్వేన్ తెలిసిన పద్ధతిలోనే కొలిచాడు, మోసం అనలేం. ఆ కొలత సరైందీ అనలేం. కాబట్టి తొమ్మిదో గుంత ఒక్కటీ మళ్ళీ ఆడండి. రేపు సాయంత్రం. అదే నలుగురు. కొత్త పుల్ల."

డ్వేన్ తన కర్ర వైపు చూశాడు. మార్లిస్ అతను ఇంకా బేరమాడతాడనుకుంది. అతను కర్ర తీసుకుని బయటికి నడిచాడు. అంత తేలిగ్గా వదిలిన గిరాకీని ఆమె ఎప్పుడూ నమ్మలేదు.

సోమవారం గాలి లేదు. వాగు అవతల ఎవరో గడ్డి కోస్తున్నారు. కబురు పాకిపోయి, బారు అరుగు మీద చాలామంది చేరి బీరు సీసాలు పట్టుకుని కూర్చున్నారు. గోర్డీ కొత్త పుల్లని ఎర్ర రంగు వేసి జెండాకి కట్టాడు.

కర్ట్ మొదటి దెబ్బ సూటిగా మొక్కజొన్నలోకి పోయింది. అరుగు మీద చప్పట్లు. కర్ట్ టోపీ తీసి వంగి దణ్ణం పెట్టి చేలోకి నడిచాడు. ఐవర్ బంతి ఇసుక గుంటలో కూరుకుపోయింది. రెండుసార్లు కొట్టినా ఇసుకే లేచింది. "నేను దీన్ని ఇక్కడే పాతిపెట్టేస్తా," అని బంతిని చేత్తో తీసుకుని పక్కకి తప్పుకున్నాడు.

మిగిలింది మార్లిస్, డ్వేన్. మార్లిస్ తొందరపడలేదు. పెద్ద దెబ్బ ఆమె దగ్గర లేదు, చిన్న దెబ్బలే మూడు పేర్చింది. వాగుకి ముందు ఆగింది, వాగు దాటించింది, పచ్చిక ఎక్కించింది. రెండు పట్టర్ దెబ్బల్లో ముగించింది. ఐదు.

డ్వేన్ మూడు దెబ్బల్లో గుంత పక్కకి వచ్చాడు. మూడో దెబ్బ బాగా కొట్టాడు. బంతి ఎత్తుగా లేచి, మెత్తగా దిగి, గుంత వైపు దొర్లి ఆగింది. అరుగు మీంచి ఎవరో ఈల వేశారు. గోర్డీ వచ్చి ఎర్ర పుల్ల పరిచాడు. పుల్ల అయిపోయాక బంతికి ఇంకో అడుగు మిగిలింది.

"బయటే," అన్నాడు గోర్డీ. "కొట్టాలి."

మూడడుగులు. ఇది పడితే నాలుగు, డ్వేన్ జంట ఉంటుంది. పోతే ఐదు, సమం, మార్లిస్ జంట ఉంటుంది. ఎదుటివాళ్ళు కావాలంటే మాఫీ చేయొచ్చు. 'అది పడినట్టేలే' అని ఒక్క మాట అంటే చాలు. ఆ మాట అనాల్సింది మార్లిస్. ఆమె జెండా కర్ర పట్టుకుని పెదవులు బిగించింది.

డ్వేన్ చీపురుని గడ్డం కిందికి తెచ్చి నిలబడ్డాడు. ఎడమచేయి పైన, కుడిచేయి నడుమ. ఊరికే గాల్లో రెండు దెబ్బలు ఆడించాడు. లోలకంలా సాఫీగా ఊగింది. ముందుకి జరిగి బంతి వెనక కర్ర తల ఆనించాడు. కర్ర వెనక్కి వచ్చింది. ముందుకి వస్తూ బంతిని తాకబోయేముందు కుడి మణికట్టు ఒక్కసారి ఎగిరింది. వేడి పెనం తగిలిన చెయ్యి ఎగిరినట్టు. అతను ఆగాడు. వెనక్కి జరిగాడు. చెయ్యి ప్యాంటుకి తుడుచుకున్నాడు.

మార్లిస్ అది చూసింది. చిన్న దెబ్బ ముందు చెయ్యి తనంతట తనే ఎగిరే ఆ జబ్బుకి ఆటగాళ్ళలో ఒక పేరుంది. మైదానంలో ఎవరూ దాన్ని పైకి అనరు. అంటే అంటుకుంటుందంటారు. ఆమె వసంతం నుంచీ జరిగిన గురువారాలన్నీ వరసగా గుర్తు చేసుకుంది. డ్వేన్ దూరం నుంచి కొట్టడం చూసింది. దగ్గర నుంచి కొట్టడం ఒక్కసారీ చూడలేదు. ప్రతిసారీ కర్ర పడుకోబెట్టడం, వంగడం, జేబులో వేసుకోవడం. ఇంజను మూత ఎత్తనివ్వకుండా ట్రాక్టరు అమ్మాలని చూసే మనిషిని ఆమె ఆమడ దూరం నుంచే పసిగడుతుంది. ఇక్కడ ఎండాకాలమంతా పక్కనే నడిచి పసిగట్టలేకపోయింది. దురాశ అనుకుంది. భయం అనుకోలేదు.

డ్వేన్ మళ్ళీ బంతి దగ్గరికి వచ్చాడు. కొట్టబోయే ముందు తల ఎత్తి ఆమె వైపు చూశాడు.

ఆమె నోరు విప్పలేదు. బేరం బేరమే.

మణికట్టు ఎగిరింది. బంతి గుంత దరిదాపులకి కూడా పోకుండా కుడివైపు దూసుకుపోయి, తను మొదలైన చోటికన్నా దూరంగా ఆగింది. అరుగు మీద ఎవరో సీసా కింద పెట్టారు. ఆ ఒక్క దెబ్బతో అయిపోయింది, ఇక సమం చేసినా డ్వేన్ జంటకి చోటు దక్కదని అందరికీ తెలుసు. అతను బంతి తీసుకోలేదు. టోపీ తీసి చెయ్యి చాపాడు. మార్లిస్ కూడా టోపీ తీసింది. కలిపిన చెయ్యి చల్లగా ఉంది.

"బాగా ఆడావు," అన్నాడు, మామూలు గొంతుతోనే.

కర్ట్ చేలోంచి వచ్చాడు. "దొరికింది!" అన్నాడు బంతి పైకెత్తి. తర్వాత వాళ్ళ మొహాలు చూసి చెయ్యి దించేశాడు.

బారు వెనక బండ్లు ఆపే చోట ఐవర్ తన పాత పికప్ వెనక పలక దించి, దాని మీద కూర్చుని బూట్ల తాళ్ళు విప్పుకుంటున్నాడు. మార్లిస్ వచ్చి పక్కన కూర్చుంది. తాళ్ళు ఆయన వేళ్ళకి చిక్కట్లేదు. ఆమె వంగి విప్పింది.

"గెలిచాం," అంది. "మీ చోటు మీకుంది."

"నువ్వు గెలిచావు. నేను ఇసుక తవ్వాను."

"చోటు ఇద్దరిదీ కదండీ."

ఐవర్ బూటు తిరగేసి కొట్టాడు. చాలా ఇసుక రాలింది. "అమ్మాయ్, వచ్చే ఏడు నేను ఆడను."

"గెలిచామని చెప్తున్నానా! ఎవరు పొమ్మన్నారు మిమ్మల్ని?"

"ఎవరూ పొమ్మనలేదు. పొమ్మంటారేమోనని చూశాను," అన్నాడు ఐవర్. "ఓడిపోతే గౌరవంగా బయటపడొచ్చు కదా అనుకున్నాను. నువ్వు పడనివ్వలేదు."

మార్లిస్ ఆయన రెండో బూటు లాగి ఒళ్ళో పెట్టుకుంది. ఐవర్ ఆగలేదు.

"నాకు గురువారాలంటే ఇష్టమే. ఆ అరుగు మీద కూర్చుని, కర్ట్ చేలోకి పోవడం చూస్తూ ఓ సాసేజ్ తింటే చాలు నాకు. ఆ చిన్న దెబ్బ ముందర నిలబడటమే... ప్రతి బుధవారం రాత్రీ నాకు అన్నం సహించదు. తెలుసా నీకు?"

"మరి చెప్పొచ్చు కదా! రెండేళ్ళ నుంచీ ఆడుతున్నారే!"

"చెప్తే నీకు జంటెవరు? ఒంటరిగా ఎవర్నీ రానివ్వరు, అది మొదటి రూలు. ఈ ఊళ్ళో నీతో సరుకు కొనడానికే సగం మంది భయపడతారు. వారం వారం నీతో ఆట ఆడటానికి ఎవడొస్తాడు?"

ఆమె ఒళ్ళో ఆయన బూటు అలాగే ఉండిపోయింది. లెక్క మొదట్నుంచీ మళ్ళీ వేసుకుంది. తను ఐవర్ చోటు కాపాడుతున్నాననుకుంది. ఐవర్ తన చోటు కాపాడుతున్నాడు. ఇద్దరూ ఒకే సరుకుని ఒకరికొకరు అమ్ముకుంటూ వచ్చారు. మధ్యలో నష్టపోయింది డ్వేన్. కోపం వచ్చింది. ఎవరి మీద చూపించాలో తెలియలేదు. చివరికి నవ్వు వచ్చింది.

"నాకు జంట లేకుండా చేసి, ఇప్పుడు తీరిగ్గా చెప్తారా?"

"లేకుండా ఎలా చేశాను? ఇందాకే ఒకడు ఖాళీ అయ్యాడు. వేరే దారి లేనివాడు." ఐవర్ గడ్డంతో అటు చూపించాడు. డ్వేన్ తన బండి దగ్గర నిలబడి, సంచిలోంచి చీపురు బయటికి తీసి, మళ్ళీ లోపల పెడుతున్నాడు. "పెద్ద దెబ్బలు బాగా కొడతాడు. నీ దగ్గర అవే లేవు."

"చిన్నవి కొట్టలేడు."

"నేను మాత్రం కొట్టానా?"

మార్లిస్ బూటు ఆయన పక్కన పెట్టి లేచింది. డ్వేన్ ఆమె రావడం చూసి సంచి బండిలోకి తోశాడు.

"దించు," అంది.

"ఏంటి?"

"ఆ సంచి దించు. వచ్చే ఏటికి నాకు జంట కావాలి. ఐవర్ ఆడనంటున్నాడు."

డ్వేన్ ఆమెను పైనుంచి కిందికి చూశాడు. "ఎగతాళి చెయ్యడానికి వచ్చావా?"

"బేరం దగ్గర నేను ఎగతాళి చెయ్యడం ఎప్పుడైనా చూశావా?"

"నన్ను లీగ్‌లోంచి బయటికి పంపి గంట కాలేదు."

"పంపాను. చోటు నాది. జంటగా ఎవర్ని తెచ్చుకోవాలో నా ఇష్టం. అదీ పలక మీదే ఉంది."

"కర్ట్ ఏమైపోతాడు?"

ఇద్దరూ అటు చూశారు. కర్ట్ అరుగు మీద, దొరికిన బంతి గురించి ఎవరికో చేతులు తిప్పుతూ చెబుతున్నాడు. వింటున్నవాళ్ళు పొట్ట పట్టుకుని నవ్వుతున్నారు.

"కర్ట్‌కి ఏమీ కాదు," అంది మార్లిస్. "నీ సంగతి చెప్పు."

డ్వేన్ సంచి దించాడుగానీ చేతిలోంచి వదల్లేదు. గొంతు తగ్గించాడు. "కనబడిందా?"

"కనబడింది."

"అందరికీనా?"

"వాళ్ళు అరుగు మీదున్నారు. నేను పక్కనున్నాను. ఆ మాట నా నోట రాదులే."

అతను తన బండి అంచు మీద చెయ్యి ఆనించాడు. "ఎప్పట్నుంచో," అన్నాడు చివరికి. "వేరే కర్రలు చూశాను. కళ్ళు మూసుకుని కొట్టాను. ఎడమచేత్తో కొట్టాను. దగ్గరికొచ్చేసరికి చెయ్యి నాది కాదు. నీకు జంటగా వచ్చి ఏం చెయ్యను?"

"పెద్ద దెబ్బలు నువ్వు కొట్టు. ఐదులు నేను చేస్తాను. మిగతాది సాగు చేసుకోవాలి. నేల బాగాలేదని పొలం వదిలేస్తామా?" ఆమె అతని సంచిలో చెయ్యి పెట్టి, అడుగున పడున్న మామూలు పొట్టి పట్టర్ వెతికి తీసింది. చీపురుని ముట్టుకోలేదు. "ప్రతి సాయంత్రం దుకాణం మూశాక వస్తాను. మంచు పడేదాకా. వచ్చే వసంతానికి నీకు కుదరకపోతే ఇద్దరం వేరే వేరే దారి చూసుకుందాం. ఒప్పుకుంటావా?"

డ్వేన్ ఒప్పుకున్నానని అనలేదు. కానీ ఆమె నడుస్తుంటే వెనకే వచ్చాడు.

బారు పక్కన సాధన కోసం వేసిన చిన్న పచ్చిక ఉంది. అక్కడ ఎవరూ లేరు. మార్లిస్ గుంతకి మూడడుగుల దూరంలో బంతి పడేసి, పట్టర్ అతని చేతికిచ్చి, రెండడుగులు వెనక్కి జరిగి చేతులు కట్టుకుంది. డ్వేన్ కాళ్ళు సర్దుకున్నాడు. కర్ర తల బంతి వెనక ఆనించాడు. మణికట్టు అదిరింది. ఆగాడు. తల ఎత్తి, మాఫీ అడిగే చూపుతో ఆమె వైపు చూశాడు.

"నన్నెందుకు చూస్తావు?" అంది మార్లిస్. "గుంత అటుంది."